కడిగిన సీసాలు

ఫిబ్రవరి 4

మా ఇంటి ఆడపడుచుగారికి వదిన రాయునది,

ఫోన్ చేస్తే చాలు "వదినా, మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేస్తున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో ఆపేసినా మిగతాది ఎక్కడికీ పోదు. తీరిక చిక్కినప్పుడే చదువుకో.

మీ అన్నయ్య బాగున్నారు. బస్సు డిపోకి కొత్త మేనేజరు వచ్చాడు. రోజూ ఇంటికొచ్చి అతన్ని తిడుతున్నారు. ఇంతకుముందు పాత మేనేజర్ని తిట్టేవారు కాబట్టి ఆరోగ్యం కుదురుగా ఉన్నట్టే లెక్క.

ఇక అసలు సంగతి. మా కుట్టు షెడ్డు ఓనరు మళ్ళీ వచ్చాడు. కార్లు కడిగేవాడెవడో బేరం పెట్టాడట. "మార్చి నెలాఖరు దాకా ఆగుతానమ్మా. మీ సంస్థవాళ్ళు కొంటే సరే, లేకపోతే మిషన్లు ఎత్తేసుకోండి" అన్నాడు. ఎత్తి ఎక్కడ పెట్టుకోవాలి, నా నెత్తి మీదా? ఈ ఊళ్ళో స్కూలు పిల్లల చొక్కాలన్నీ ఆ రేకుల కిందే పుడుతున్నాయి. మా కాజాల పిన్ని ఆ తలుపు పక్కన కూర్చుని కాజాలు కుట్టబట్టే కొడుకు ఇంట్లో తలెత్తుకుని తిరుగుతోంది. ఆ మూల పోతే ఆవిడ మళ్ళీ కోడలి వంటింటి గుమ్మం దగ్గరికే పోవాలి. మాలో చాలామంది కథ అంతే.

మీ మేడమ్ పోయినేడు మా మధ్య నిలబడి, కాజాల పిన్ని భుజం మీద చెయ్యేసి, ఈ షెడ్డు మీకు కొనిపెడతాను అంది. ఎలాగమ్మా అంటే ద్రాక్షసారా వేలంపాట పెట్టి అన్నావు నువ్వు. ఎన్నిసార్లు చెప్పినా అది నా బుర్రకెక్కడం లేదు. డబ్బున్నవాళ్ళు సూటూ బూటూ వేసుకొస్తారు. ఎవరో తాగకుండా వదిలేసిన పాత సీసా కోసం పోటీలు పడతారు. గెలిచినవాడైనా తాగుతాడా అంటే తాగడు. ఇంటికి తీసుకెళ్ళి చీకటిగదిలో పడుకోబెట్టి, మరుసటేడు అదే సీసాని మళ్ళీ మీకే దానమిస్తాడు. ఇంకొకడు పాడుకుంటాడు. ఆ ఇచ్చే డబ్బేదో సీసా లేకుండా ఇవ్వకూడదా? ఇవ్వరు. ఊరికే ఇస్తే ఎవరు చూస్తారు?

సరే, నాకెందుకు. షెడ్డు సంగతి ఖాయమేనా కాదా, ఒక్క మాట రాయి.

నీకు జడలేసి బడికి పంపిన పాపానికి,
వదిన

ఫిబ్రవరి 11

వదినమ్మకి నమస్కారాలు,

నీ వెటకారం అందింది. ఆఫీసులో నా పక్క కుర్చీ అమ్మాయికి చదివి వినిపిస్తే నవ్వలేక చచ్చింది. తర్వాత ఇద్దరం తలుపు వేసుందో లేదో చూసుకున్నాం.

షెడ్డు ఖాయం. ఈసారి పాట డబ్బు ముందు దానికే అని మేడమ్ అందరి ముందూ అన్నారు. దిగులు పెట్టుకోకు.

నేనొక ఉపాయం వేశాను. వేలంలో పెట్టే సీసాలకి వెల్వెట్ కోట్లు ఉంటే ఎంత బాగుంటుంది, అవీ మీ చేతుల మీదుగా తయారైతే ఇంకెంత బాగుంటుంది అన్నాను. పాత సీసాలు కదా, ఒకదాని భుజాలు ఒకలా ఉండవు, ఒకదాని నడుము ఒకలా ఉండదు. కొలత తీయకుండా కుదరదు. అందుకని సీసాలనే మీ దగ్గరికి పంపుతున్నాం. మేడమ్‌ని ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. "వాటికేమైనా అయితే బాధ్యత నీదే" అన్నారు. నాదే అన్నాను.

మా దగ్గర ఒకాయన ఉన్నారు, రుచుల పండితుడు అంటాం చాటుగా. గ్లాసు ఊపి, ముక్కు లోపల పెట్టి, కళ్ళు మూసుకుని "తడిసిన తోలు చెప్పు... వెనకాల కొంచెం బేరిపండు" అంటారు. ఆ మాట విని జనం జేబులో చెయ్యి పెడతారు. నవ్వకు. ఆ చెప్పుల వాసనతోనే మీకు షెడ్డు రావాలి.

వదినా, నీకు చేతులెత్తి మొక్కుతాను. అవి చాలా పాతవి, చాలా విలువైనవి. దీపాల కింద, పెద్దవాళ్ళ ముందు నిలబడేవి. మన సొంత వస్తువుల కన్నా బాగా చూసుకోండి. మీ పనితనం చూసి అందరూ ముక్కున వేలేసుకోవాలి.

అన్నయ్యని, కొత్త మేనేజర్ని అడిగానని చెప్పు.

నీ మరదలు

ఫిబ్రవరి 20

మరదలు పిల్లకి,

మీ సీసాలు దిగాయి. వాటి అవతారం చూసి మేమంతా మొహమొహాలు చూసుకున్నాం. మీ సంస్థలో గుడ్డముక్క పట్టుకునే మనిషే లేదా? బూజు, జిడ్డు, వేలు పెడితే వేలు నల్లగా మారేంత మట్టి. వ్యానులో నుంచి దింపిన డ్రైవరు కుర్రాడు చేతులు కడుక్కోవడానికి సబ్బు అడిగాడు. విలువైనవి అంటే నీలాగే తళతళలాడుతూ వస్తాయనుకున్నాను.

నువ్వు దిగులుపడకు. పెద్దవాళ్ళ ముందు నిలబడేవి, బాగా చూసుకోండి అన్నావుగా, చూసుకున్నాం. వెల్వెట్ మీద చిన్న మరక పడితే మళ్ళీ పోదు, కాబట్టి ముందు స్నానం తర్వాతే కోటు. నలుగురం రెండు తొట్లలో వేడినీళ్ళు పోసి, బట్టలసోడా వేసి నానబెట్టాం. వాటి పొట్టల మీద చిరిగిపోయి, మరకలు పడి, ఒక్క అక్షరం సరిగా కనపడని కాగితాలు అంటుకుని ఉన్నాయి. నానేసరికి వాటంతట అవే ఊడొచ్చాయి. ఊడనివాటిని స్టీలు పీచుతో రుద్దాం. మూతుల దగ్గర ఎర్రమైనం పెచ్చులూడుతుంటే కాజాల పిన్ని కత్తెర మొనతో ఓపిగ్గా గీకింది. అలా గీకుతూ "పాపం, ఎన్నేళ్ళయిందో ఎవరూ పట్టించుకుని" అంది.

ఇప్పుడు చూడాలి నువ్వు! మీ పండితుడు వాటిలో మొహం చూసుకుని మీసం దువ్వుకోవచ్చు. ఎండలో వరసగా నిలబెడితే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. రేపటి నుంచి కొలతలు మొదలు. కడిగిన కూలి అడగంలే, మీ మేడమ్‌కి మా కానుక అని చెప్పు.

వదిన

ఫిబ్రవరి 27

వదినా,

ఎంత పని చేశావు! నా కొంప ముంచావు.

ఆ కాగితాలే ఆ సీసాల పేర్లు. ఆ మట్టే వాటి వయసు. ఆ మైనం ఊడలేదంటేనే ఎవరూ తెరవలేదని నమ్మకం. అవి లేకపోతే ఏ సీసా ఏదో దేవుడికే తెలియాలి. మీరు తోమింది మురికిని కాదు, వాటి ధరని.

నీ ఉత్తరం పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళాను. ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. పండితుడు నువ్వు ఉత్తరంతో పంపిన ఫోటో చూసి ఏడ్చినంత పని చేసి, తర్వాత తేరుకుని, "సీసా భుజం చూసి నేను చెప్పగలను" అన్నారు. ఒకే ఫోటోని రెండుసార్లు చూపిస్తే రెండు పేర్లు చెప్పారు.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీకు ఈ వేలం అంటే మొదటి నుంచీ ఏవగింపు. తాగకుండా దాచుకుంటారని, ఊరికే ఇవ్వరని దెప్పావు. నిజంగా తెలియకే కడిగావా? కాగితం మీద ఏదో రాసి ఉంటే, అది చెరిపే ముందు ఒక్క ఫోన్ చేయాలనిపించలేదా?

మేడమ్ ఒక దారి చెప్పారు. కోట్లు అడుగు నుంచి మెడ దాకా మూసి కుట్టేయండి. విప్పడానికి వీల్లేకుండా. ఎలాగూ ఎవరూ తెరవరు, మరుసటేడు మళ్ళీ మన దగ్గరికే వస్తాయి. పేర్లు పండితుడు రాసిస్తారు, వేదిక మీద నేను చదవాలి. ఈ సంగతి బయటికి పొక్కకూడదు.

ఇంకోటి. షెడ్డు సంస్థ పేరు మీద కొంటారట. "పన్నులూ మరమ్మతులూ ఆ ఆడవాళ్ళకి భారం ఎందుకు" అన్నారు. మీరు ఎప్పటిలాగే కుట్టుకోవచ్చు, తేడా ఏమీ ఉండదు. దయచేసి ఇప్పుడు దానికి పేచీ పెట్టకు. నా ఉద్యోగం ఇవాళో రేపో అన్నట్టుంది.

నీ మరదలు

మార్చి 5

మరదలికి,

కక్షతో కడిగానా? కక్ష తీర్చుకోవాలంటే నాకు సోడా, పీచు, రెండు తొట్ల వేడినీళ్ళు కావాలా? నా నోరు చాలదా? మురికిని చూస్తే కడగడం తప్ప మాకు ఇంకో ఆలోచన రాలేదు. మట్టికి వెలకట్టే మనుషులుంటారని మాకు ఎవరూ నేర్పలేదు. మా పిల్లలు మెడ మీద మట్టితో బడికి వెళితే వెనక్కి పంపిస్తారు, మరి.

సీసాలకి కోట్లు తొడిగి పంపుతున్నాం. మూసి కుట్టలేదు. ముందు వరసగా గుండీలు పెట్టాం, కాజాలు పిన్ని చేతివి. ఆ కాజాలు చూస్తే నీకు వేరే వేలం అక్కర్లేదు. చూసుకోవాలనుకున్నవాడు విప్పి చూసుకుంటాడు. ఏదో దాచడానికి కుట్టు వేయడం మాకు చేతకాదు. మీ మేడమ్‌కి చేతనైతే ఆవిడనే వేసుకోమను.

ఇక షెడ్డు. తేడా ఏమీ ఉండదా? నువ్వు చదువుకున్నదానివి, అదెలా రాశావో నాకు అర్థం కాలేదు. ఓనరు మారతాడు, అంతేగా. ఇప్పుడున్నవాడు అద్దె తీసుకుని ఊరుకుంటాడు. మీ మేడమ్ అద్దె తీసుకోదు, ఫోటోలు తీసుకుంటుంది. నెలకోసారి కార్లలో జనాన్ని తెచ్చి, పని ఆపి నవ్వమంటుంది. రేపు మా మీద మోజు తీరితే కోళ్ళ పెంపకం ఆడవాళ్ళ మీద మనసు పడుతుంది, షెడ్డు అమ్మేస్తుంది. అప్పుడు మేం ఎవర్ని అడగాలి? మా పేర్లు లేని గోడలకి మేమెందుకు సంబరపడాలి?

ఆవిడ ఆ రోజు "మీకు కొనిపెడతాను" అంది. "మీకు" అంది. అందరం విన్నాం. కాజాల పిన్ని అప్పుడే ఇంటికెళ్ళి కోడలికి చెప్పింది.

సంస్థ పేరు మీద అన్న సంగతి నీకు ముందే తెలుసా? ఔను, కాదు, రెండిట్లో ఒకటి రాయి. చుట్టూ తిప్పకు.

వదిన

మార్చి 9

వదినా,

కోట్లు వచ్చాయి. బాగున్నాయి. అంతకన్నా పొగడాలని ఉంది గానీ నీ ఉత్తరం చదివాక చేతులు ఆడటం లేదు.

గుండీలు చూసి మేడమ్ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. అందరూ వెళ్ళిపోయాక నేనే కూర్చుని ప్రతి కోటు గుండీల మీదుగా దారంతో బిగించేశాను. ఎంత వంకరగా వచ్చిందో నువ్వు చూడకపోవడమే మంచిది.

ఔను. తెలుసు. కోట్ల మాట ఎత్తకముందే తెలుసు. చెబితే నువ్వు కోట్లు కుట్టవని, కోట్లు లేకపోతే నా మాటకి ఇక్కడ విలువ ఉండదని చెప్పలేదు. ముందు షెడ్డు చేతికొస్తే, పేర్ల సంగతి తర్వాత నిదానంగా అడగవచ్చనుకున్నాను. ఇక్కడ ఏదీ గట్టిగా అడిగితే రాదు వదినా. నీకు అది తెలియదు.

పద్నాలుగున వేలం.

మరదలు

మార్చి 14

ఆడపడుచుగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు నిజం ఒప్పుకున్నందుకు సంతోషం.

ఇన్నాళ్ళూ మా షెడ్డులో మీ గురించి చెప్పుకునేటప్పుడు "మన అమ్మాయి అక్కడుంది" అనుకునేవాళ్ళం. ఇవాళ నేను ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మీరు మా మనిషి కాదని, సంస్థవారి మనిషని చెప్పాను. కాజాల పిన్ని నమ్మలేదు. ఆవిడకి నమ్మకం ఎక్కువ, అందుకే జీవితమంతా మోసపోయింది.

మీరు నిదానంగా అడగండి. మా పేర్లు లేని షెడ్డులో మేం కుట్టం, నెలాఖరుకి మిషన్లు సర్దుకుంటాం. సగం మా ఇంటి వసారాలో పడతాయి, మిగతావి ఎవరిళ్ళకి వాళ్ళు. అన్నం పెట్టే మిషను మంచం కిందికి పోతుంది. అది అక్కడి నుంచి మళ్ళీ బయటికి రాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

సెలవులకి మీరు శ్రమపడి ఇక్కడికి రానక్కర్లేదు. మీ అన్నయ్యకి నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
వదిన

మార్చి 15

వదినా,

నా ఉద్యోగం పోయింది. ముందు అది చెప్పేస్తే మిగతాది హాయిగా రాయగలను.

నిన్న రాత్రి ఆ హాలు నువ్వు చూడాలి. ఒక్కో మనిషికి నాలుగేసి గ్లాసులు, ఏది దేనికో తెలియక పక్కవాళ్ళని చూసి పట్టుకునేవాళ్ళే సగం. మేడమ్ ఉపన్యాసం ఇచ్చారు. ఏటా ఒకే వాక్యం దగ్గర ఆవిడ గొంతు వణుకుతుంది, నీళ్ళ గ్లాసు ముందే సిద్ధంగా ఉంటుంది. వెనకాల తెర మీద కాజాల పిన్ని మొహం గోడంత వేశారు. కింద "మౌనంగా భరించే స్త్రీ" అని రాశారు. ఆ ఫోటో తీసిన రోజు నేనక్కడే ఉన్నాను. పిన్ని నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. నోరు తెరిస్తే గుచ్చుకుంటాయని మూసుకుంది. పక్క బల్ల దగ్గర ఒకావిడ ఆ మొహం చూసి కళ్ళు ఒత్తుకుంది, తర్వాత వెన్న ఇంకొంచెం తెమ్మంది.

నా పని సీసా పట్టుకుని పండితుడు రాసిన పేరు చదవడం. మొదటి సీసా ఎత్తాను. ముందు బల్ల దగ్గర గిడ్డంగుల పెద్దాయన ఉన్నారు, అందరికన్నా ఎక్కువ ఇచ్చేది ఆయనే. "ఆగమ్మా, అది పోయినేడు నేనిచ్చిన సీసాలాగే ఉంది. నా సీసాకి నేనే పాడితే నవ్వుతారు. కోటు విప్పి చూపించు" అన్నారు. మేడమ్ పక్క నుంచి వద్దని కళ్ళతో సైగ చేశారు.

నేను కోటు వైపు చూశాను. పిన్ని కాజాల మీదుగా నా వంకర కుట్లు. అంత చక్కటి పని మీద నేనెంత అసహ్యంగా పొడిచానో ఆ దీపాల కింద గానీ కనపడలేదు. సిగ్గేసింది వదినా. పంటితో దారం తెంపి, గుండీలు విప్పి, అద్దంలా మెరిసే ఆ బోడిసీసాని పైకెత్తాను. "దీని పేరు నాకు తెలియదండీ. ఇవి మురికిగా ఉన్నాయని మా ఆడవాళ్ళు సోడావేసి కడిగేశారు. అన్నిటినీ" అన్నాను.

 పెద్దాయన "సోడాతోనా?" అని పడీపడీ నవ్వారు. ఆయన నవ్వితే నవ్వకుండా ఉండగలిగేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి అందరూ నవ్వారు. ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి కథ దొరికింది, ఇంకేం కావాలి? పోయినేటి పేరున్న సీసాల కన్నా ఈ పేరు పోయినవాటికే ఎక్కువ పాడారు. పండితుడు లేచి "కడిగిన సీసా ఊపిరి పీల్చుకుంటుంది" అన్నారు. దానికీ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నిజం చెబితే సిగ్గుపడతారనుకున్నాను, వినోదపడ్డారు.

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. "ఇంకొక్క మాట. ఈ డబ్బుతో కొనే షెడ్డు సంస్థ పేరు మీద కాదు, ఈ సీసాలు కడిగిన ఆడవాళ్ళ పేర్ల మీదే రిజిస్టరు అవుతుంది. ఇది మేడమ్‌గారి నిర్ణయం. ఆవిడది అంత పెద్ద మనసు" అన్నాను.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు వదినా. పెద్దాయన మేడమ్ చెయ్యి పట్టుకుని, రిజిస్ట్రేషన్ రోజు నేనూ వస్తాను, ఫోటోగ్రాఫర్ని కూడా తెస్తాను అన్నారు. కాదని ఎలా అంటారు? ఆవిడ నవ్వుతూనే నా మోచేయి పైన గిల్లారు. ఇంకా ఎర్రగానే ఉంది. ఆ తర్వాత ఎంగిలి ప్లేట్లు పేర్చే చోటికి పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు.

నిదానంగా అడిగితే వస్తుందని నీకు రాశాను. తప్పు రాశాను. ఇక్కడ అద్దె ఈ నెల వరకూ కట్టి ఉంది, ఆ తర్వాత ఏం చేయాలో తెలియదు. భయంగా ఉంది. అన్నయ్యకి అప్పుడే చెప్పకు.

నీ మరదలు

మార్చి 22

మా పిల్లకి,

నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది చింపెయ్. చింపబుద్ధి కాకపోతే దాచుకో, నేను ముసలిదాన్నయ్యాక దెప్పడానికి పనికొస్తుంది. అది చదివి నువ్వు ఏడ్చి ఉంటావని తెలుసు. రాసిన చెయ్యి విరిగిపోతే బాగుండుననిపించింది. ఇంతకన్నా అడక్కు, నాకు చేతకాదు.

నీ ఉత్తరం షెడ్డులో గట్టిగా చదివాను. మిషన్లన్నీ ఆగాయి. ఫోటో దగ్గరికి వచ్చేసరికి పిన్ని "నా నోట్లో సూదులు లేకపోయుంటే ఆవిడకి మౌనం సంగతి తెలిసేది" అంది. తర్వాత లేచి గోడవైపు తిరిగి చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. మీ అన్నయ్యకి చెప్పేశాను. చెప్పకు అంటే నేను ఆగుతానా? "మా చెల్లెలు మైకు లాక్కుందా!" అని డిపో అంతా చాటుకున్నారు. కొత్త మేనేజర్ని కూడా ఆ రోజు తిట్టలేదు.

మీ మేడమ్ ఫోన్ చేసింది. ఎంత తేనె, ఎంత తేనె! పేర్ల ఆలోచన తనకి మొదటి నుంచీ ఉందట, సరైన సమయం కోసం చూస్తోందట. అలాగేనమ్మా అన్నాను. ఓనరు బయానా పుచ్చుకున్నాడు. కార్లు కడిగేవాడు వేరే చోటు చూసుకుంటున్నాడు. ముప్పయ్యో తారీఖు పొద్దున్నే రిజిస్ట్రేషన్, మీ పెద్దాయన కూడా వస్తున్నాడు.

దస్తావేజు రాసే ఆయన పేర్లు ఇమ్మన్నాడు. అందరం కూర్చున్నాం. మేం రాయించుకోవడం అయ్యాక పిన్ని నీ పేరు కూడా రాయమంది. నేను ఒప్పుకోలేదు. ఇది కుట్టేవాళ్ళ షెడ్డు, ఆ పిల్లకి సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు, గుండీల మీద అది వేసిన కుట్లే దానికి సాక్ష్యం అన్నాను. చేతులెత్తమన్నారు. వద్దన్న చెయ్యి నాదొక్కటే. ఓడిపోయాను. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.

కాబట్టి సామాను సర్దుకో. పేరున్న ప్రతి మనిషీ ఎదురుగా ఉండి సంతకం పెట్టాలట, ఒక్కరు తగ్గినా ఆ రోజు పని కాదు. సంతకాలయ్యాక పేర్లు చదివి, ఒక్కొక్కరినీ పిలిచి, చేతిలో తాళంచెవి పెట్టేది మీ మేడమే. తనే అలా కోరుకుంది, ఫోటోలో బాగుంటుందని. మనిషికో తాళంచెవి చేయించింది కూడా. పెద్దాయన పక్కనే నిలబడతాడు. ఆఖరి పేరు నీది. ఆవిడ అది చదవాలి, నీ చేతిలో తాళంచెవి పెట్టాలి, ఫోటోగ్రాఫరు చాలన్నదాకా నవ్వుతూ నిలబడాలి.

ఎవరెవరి పేర్లున్నాయో ఆవిడ ఇంకా చూడలేదు. మంచి బట్టలు వేసుకుని రా.

వదిన